కుచ్చు గాలంలో తెల్లది

జంగ్లీఘాట్, పోర్టుబ్లెయిర్
6 జులై 1997

పెదజాలారిపేటలో ఉన్న దేముడమ్మకి, నీ భర్త సింహాద్రి పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్న ఉత్తరం. రాస్తున్నది గంగరాజు. బోటు మీద వంట నాది, ఉత్తరాలూ నావే. మీ ఆయన వలలు విప్పినంత సులువుగా అక్షరాలు విప్పలేడు కనక ఈ సంగతి ముందే చెబుతున్నాను.

ఇక మీ ఆయన మాటలు: ఇక్కడ అందరం క్షేమం. శివరాత్రి వెళ్లాక ఓడ ఎక్కినవాడిని, ఇప్పటికి నాలుగు నెలలు పెద్ద బోటు మీద వల లాగుతూనే ఉన్నాను. ఇప్పుడొక దారి కనిపించింది. మా ఓనరు జగ్గారావు గారికి ఇంజను ఉన్న చిన్న పడవ ఒకటి ఒడ్డున ఊరికే పడి ఉంది. "నాగుల చవితి లోపు గాలంతో వంజరం చేపలు పట్టి చూపించు. పడవ నీకు అప్పజెబుతాను. ఒడ్డున గది కూడా ఇస్తాను, పెళ్లాన్ని తెచ్చుకో" అన్నాడు. అందరి ముందూ అన్నాడు.

గాలం వేస్తూనే ఉన్నాను. ఇక్కడ కొట్టులో అమ్మే ప్లాస్టిక్ కుచ్చులకి చేప వెనకాలే వస్తుంది, దగ్గరికొచ్చి తిరిగిపోతుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, దానికి మోసం తెలిసిపోతోంది. మా నాన్న కుచ్చు గాలాలు కట్టేవాడు. గాలం మెడకి సీసం ముద్ద, దాని వెనక బొచ్చు. సింహాద్రి అంటున్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నాన్న కట్టిన కుచ్చు నీల్లల్లో బతికున్నట్టు ఊపిరి తీసీదిరా. ఇయ్యేటి, పెళ్లిపందిట్లో రంగుకాయితాల్లాగున్నాయి."

అది ఏ జంతువు బొచ్చో నాకు గుర్తులేదు. తెల్లగా ఉండేది, అంతే. అమ్మని అడుగు. గాలాలు, సీసం అటక మీద రేకు పెట్టెలో ఉన్నాయి. నీది వల కట్టే చెయ్యి. మంచి బొచ్చు వెతికి ఓ అరడజను కట్టి పంపు. ఆ గదికి కిటికీ ఉంది. సముద్రం వైపే.

ఇట్లు, సింహాద్రి (సంతకం వాడిదే)

గంగరాజు మాట: కిటికీ గురించి చెప్పేటప్పుడు మీ ఆయన ముఖం చూడాల్సింది చెల్లెమ్మా.


పెదజాలారిపేట, విశాఖపట్నం
20 జులై 1997

మావా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేదు. అత్త నేను బాగానే ఉన్నాం. అత్తకి మోకాలు నొప్పి తగ్గింది, చేపల తట్ట తనే ఎత్తుకుంటానని నాతో పోట్లాడుతోంది.

రేకు పెట్టె దించాను. గాలాలు తుప్పు పట్టాయి. కిరసనాయిలు పోసి ఇసకతో తోమాను, ఇరవైలో పద్నాలుగు బతికాయి. మావయ్య కట్టిన కుచ్చులు మాత్రం పురుగు తినేసింది. ముడులు మిగిలాయి. ఒక ముడి విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ విప్పి నేర్చుకున్నాను. మన వల ముడే, రెండు చుట్లు ఎక్కువ.

అత్తని అడిగితే ఇలా అంది: "నాకేటి తెలుసే? ఏది దొరికితే అది కట్టీవోడు మీ మావయ్య. ఒకటి మాత్రం సూసీదాన్ని. పొడిగున్నది సూసి ఏనాడూ కట్టలేదు. తడిపి సూసీవోడు. పొడిగున్నప్పుడు అన్నీ సక్కగానే ఉంతాయే పిల్లా."

అందుకని బేసినులో సముద్రపు నీళ్లు పోసుకుని కూర్చున్నాను. దొరికిన ప్రతిదీ గాలానికి కట్టి నీళ్లలో అటూ ఇటూ లాగి చూస్తున్నాను. గొర్రెది పొడిగా ఉంటే మబ్బు ముక్కలా ఉంది, తడవగానే పిండి ముద్ద అయిపోయింది. మల్కాపురం పుట్టింటికి వెళ్లినప్పుడు మా నాన్న దూడ తోక చివర కత్తిరించి ఇచ్చాడు. దూడది వంకీలు తిరిగి చీపురులా నిలబడింది, కదలదు. మేకది మేలు. తోక దగ్గరిది నీళ్లలో గొడుగులా విచ్చుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. కాని బిరుసు. విచ్చుకోవడం వచ్చు గాని ఊపిరి తీయడం రాదు. అత్త తన దువ్వెనలోంచి నెరిసిన వెంట్రుకలు తీసి "ఇయ్యి కట్టు, తెల్లగున్నాయి" అంది. కట్టాను. నీళ్లలో దారప్పోగుల్లా తిన్నగా వేలాడాయి. అత్త దువ్వెన లాక్కుని కొప్పు ముడుచుకుంది.

పూర్ణా మార్కెట్‌కి కూడా వెళ్లాను. బ్రష్షులు అమ్మే కొట్టు ముందు నిలబడి ఏమని అడగాలో తెలియలేదు. కొట్టాయన "ఏటి కావాలమ్మా, మీ ఆయనకా?" అన్నాడు. తలూపాను. గడ్డం గీసుకునే బ్రష్షు చేతిలో పెట్టాడు. తిరిగి ఇవ్వడానికి నోరు రాక ఇంటికి తెచ్చాను. విప్పి చూస్తే పందిది, మేకుల్లా ఉంది.

ఇప్పుడు బస్సులో ఎవరి సంచికి కుచ్చు వేలాడినా నా చెయ్యి దాని మీదకి పోతోంది. ఎండలో పడుకున్న పిల్లిని చూసినా తడిస్తే ఎలా ఉంటుందా అనే ఆలోచనే.

ఇది కడపటి పేజీ. గంగరాజు అన్నయ్య నీకు ఉత్తరాలు పైకి చదువుతాడు కదా, పక్కన బోటు వాళ్లందరూ ఉంటారు కదా, అది తలుచుకుంటే నాకు సిగ్గు. నువ్వు రాయించిన ఆ మాట నేను రాయలేను. మన పేటలో మగవాళ్లు ఆ మాట ఎలా ఎలా వాడతారో నీకు తెలుసు. నేను రాస్తే అన్నయ్య గట్టిగా చదువుతాడు, అందరూ నవ్వుతారు. అందుకే మేకది, దూడది అని ఊరుకున్నాను. ఇక మీద "అది" అని రాస్తాను. అది అంటే అదే. నువ్వు అర్థం చేసుకో.

ఇంకొకటి. సీతమ్మధారలో కొత్తగా ఒక ఇంటికి చేపలు వేస్తున్నాం. పశువుల డాక్టరమ్మ, భ్రమరాంబ గారు. కృష్ణా జిల్లా వాళ్లు. ఆ ఇంట్లో తెల్ల కుక్క ఉంది, పేరు రాజా. కుక్క అంటే ఆవిడకి కోపం, "వాడు" అనాలి. వాడి మెడ చుట్టూ ఉన్నది చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. కాని గంగమ్మకి దణ్ణం పెట్టి వేసే గాలానికి కుక్కది కట్టొచ్చా? అత్త ఒప్పుకుంటుందా? నువ్వు ఒప్పుకుంటావా?

నీ
దేముడమ్మ


జంగ్లీఘాట్
5 ఆగస్టు 1997

దేముడమ్మకి సింహాద్రి చెప్పడం ఏమంటే,

ఉత్తరం విన్నాను. బ్రష్షు సంగతి దగ్గర బోటంతా నవ్వింది, కోపగించుకోకు. ఆ బ్రష్షు దాచి ఉంచు, వచ్చాక దానితోనే గడ్డం గీసుకుంటాను.

నువ్వు తడిపి చూడడం మంచి పని. గొర్రె బొచ్చు వద్దు, దూడ బొచ్చు వద్దు. మేక బొచ్చు బిరుసు అన్నావు, నిజమే. ఇక్కడి నీళ్లలో పడవ మెల్లగా పోతున్నప్పుడు కూడా కదలాలి. అంతకన్నా మెత్తటి బొచ్చు, పొడుగు బొచ్చు కావాలి. వెతుకు.

నిన్న ఓనరు గారి భార్య అడిగింది, మీ ఆవిడ నీళ్లోసుకుందా అని. లేదన్నాను. గదిలోకి వచ్చాక అన్నీ అవుతాయని ఆవిడే అంది. నాకూ అదే ఆశ. ఇది కూడా రాయమన్నాను, గంగరాజు నవ్వుతున్నాడు. నవ్వనీ.

ఇట్లు, సింహాద్రి


పెదజాలారిపేట
24 ఆగస్టు 1997

మావా,

రేపు ఓడకి టపా వెళ్తుందట, అందుకని నిలబడే రాస్తున్నాను. కడపటి పేజీ గురించి నువ్వు ఒక్క ముక్కా రాయించలేదు. సిగ్గుపడి ఊరుకున్నావేమో అనుకున్నాను. వద్దనలేదు కనక ధైర్యం చేశాను.

మంగళవారం సీతమ్మధార డాక్టరమ్మ అది తీసేసింది.

చెప్పడానికి నాకు వారం పట్టింది. మూడుసార్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగి వచ్చాను. నాలుగోసారి అత్త గిచ్చితే నోరు తెరిచాను. డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు. "దీనికి ఇంత భయమెందుకమ్మా? ఎండాకాలం ముందే తీసేయాల్సింది" అంది. అత్త కాళ్లు గట్టిగా పట్టుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. పావుగంటలో అయిపోయింది, నెత్తురు చుక్క కూడా రాలేదు. తరవాత అది నా చేతుల్లో పెట్టారు. ఎంత వెచ్చగా ఉందో మావా, ఎంత మెత్తగా ఉందో! గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను.

అత్త మొదట ఒప్పుకోలేదు. "నా కొడుక్కి తెలిస్తే ఏటంతాడే?" అంది. తరవాత నా మొహం చూసి సరే అంది.

అది ఎక్కడిది, ఎవరిది అని మళ్లీ రాయను. నలుగురిలో ఆ పేరెత్తితే గంగమ్మ దగ్గర తప్పు పడుతుందని నా భయం. అంతా మంచిగా జరిగాక అందరికీ నేనే చెబుతాను.

నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. నాగుల చవితి ఎన్ని వారాలుందో రోజూ వేళ్ల మీద చూసుకుంటున్నాను.

దేముడమ్మ


జంగ్లీఘాట్
14 సెప్టెంబరు 1997

దేముడమ్మకి,

గంగరాజు రాస్తున్నాడు. సింహాద్రి పక్కనే ఉన్నాడు. వాడు చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయడానికి నా చెయ్యి రావడం లేదు. నేనూ ఆడపడుచులు ఉన్నవాడినే. మూడు ముక్కల్లో రాస్తాను.

అది నిజమేనా?

అది ఎవరిది?

అమ్మకి అంతా తెలిసే జరిగిందా?

జవాబు రాయి.

(సంతకం)


పెదజాలారిపేట
26 సెప్టెంబరు 1997

మావా,

ఇంత చిన్న ఉత్తరం ఎందుకు రాయించావు? కవరు చింపి రెండుసార్లు దులిపి చూశాను, ఇంకో కాగితం పడుతుందేమోనని. వంట్లో బాగుందా? బోటు మీద ఎవరితోనైనా గొడవ పడ్డావా?

ఒక్కటి మాత్రం సంతోషం. గంగరాజు అన్నయ్య కూడా నాలాగే "అది" అని రాయడం నేర్చుకున్నాడు. మర్యాద తెలిసిన మనిషి.

నువ్వు అడిగినవాటికి జవాబు. నిజమే. నీ దగ్గర దాచేది ఏమీ లేదు, అడిగావు కనక పేరుతోనే చెప్పేస్తున్నాను. డాక్టరమ్మ గారి ఇంటిదే. రాజాది. మొదట్లో నన్ను చూస్తే మీదకి వచ్చేవాడు, నేను గేటు బయటే వణుకుతూ నిలబడేదాన్ని. ఇప్పుడు నా అడుగు చప్పుడు వింటే చాలు, పరుగెత్తుకుంటూ వస్తాడు. కొంగు పట్టుకుంటే వదలడు. తెల్లగా, బొద్దుగా ఎంత బాగుంటాడో. నువ్వు చూస్తే నువ్వూ ముద్దు చేస్తావు.

అత్తకి అంతా తెలుసు. ఇప్పుడు అత్తకి కూడా వాడంటే ఇష్టమే. రెండు కవళ్ల చేపలు విడిగా దాచి మరీ తీసుకెళ్లి పెడుతోంది. దీపావళి లోపు ఇంకొకసారి తీయిస్తానని డాక్టరమ్మ మాటిచ్చింది, అవసరం పడితే.

గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాను. తప్పు నాది, నా చేతులది, నీది కాదు అని చెప్పుకున్నాను. అయినా కోపం వస్తే నా మీద చూపించు.

ఈ ఉత్తరంతో పాటు పొట్లం పంపుతున్నాను, పౌడరు డబ్బాలో పెట్టి గుడ్డ కుట్టాను. విప్పి చూడు. అంతకంటే రాయలేను, ఎందుకో నీకు తెలుసు.

దేముడమ్మ


జంగ్లీఘాట్
9 అక్టోబరు 1997

దేముడమ్మకి సింహాద్రి రాయించినది.

ఇక ఉత్తరాలు రాయవద్దు. ఆ రాజా దగ్గరే ఉండు. పడవ నాకు వద్దని ఓనరుకి చెప్పేస్తాను. ఒక్కడికి గది ఎందుకు?

(సంతకం)

చెల్లెమ్మా, పై మాటలు వాడివి. వాడు లేచి వెళ్లాక ఇవి నేను రాస్తున్నాను.

నీ పొట్లం వాడు విప్పలేదు. అందులో తాళి తిరిగి పంపావని వాడి అనుమానం. ఎవరినీ తాకనివ్వడు, దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. గాలం ముట్టి పదిరోజులైంది. కడుపు తీయించుకున్నదానివి ఇంత సంతోషంగా ఎలా రాశావో నాకు అర్థం కావడం లేదు. ఎవడమ్మా ఆ రాజా? మీ అత్త, మా పోతమ్మ పిన్ని, వాడికి కవళ్లు మోసుకెళ్లడం ఏమిటి? పోతమ్మ పిన్ని సంగతి నాకు తెలుసు, అలాంటివాడు కనిపిస్తే కత్తిపీట తిరగేసే మనిషి.

నా వల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే ఒకటే. జులైలో నువ్వు రాసిన ఉత్తరంలో కడపటి పేజీ నేను చదవలేదు. మొదట్లోనే నా పేరు, పక్కనే సిగ్గు అన్న మాట కనిపించాయి. అందరి ముందూ నన్ను ఏదో తిట్టావనుకుని "ఇక్కడితో అయిపోయింది" అని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను. చొక్కాతో పాటు ఉతుక్కుపోయింది. ఆగస్టు ఉత్తరంలో ఆ పేజీ సంగతి నువ్వు ఎత్తిన ముక్క కూడా చదవకుండా దాటేశాను. అందులో ఏముందో రాయి. వాడు వినకపోయినా చెవి మెలిపెట్టి వినిపిస్తాను.

గంగరాజు


పెదజాలారిపేట
16 అక్టోబరు 1997

గంగరాజు అన్నయ్యా,

ఈ ఉత్తరం గట్టిగా చదువు. బోటు వాళ్లందరినీ పిలు. ఓనరు గారు ఉంటే ఆయన్నీ పిలు. ఒక్క పేజీ కూడా మడిచి జేబులో పెట్టుకోకు. మావని మధ్యలో కూర్చోబెట్టు.

మావా,

బొచ్చు.

ఇదీ ఆ మాట. ఇది రాయడానికి సిగ్గుపడి నేను "అది" అని రాశాను. కడపటి పేజీలో అదే రాశాను, ఇక మీద అది అంటే బొచ్చు అని. నీకు ఆ పేజీ చేరలేదు. నాకు తెలియదు. డాక్టరమ్మ తీసింది బొచ్చు. అత్త పట్టుకున్న కాళ్లు కుక్కవి. నా చేతుల్లో వెచ్చగా ఉన్నది కుక్క బొచ్చు. రాజా కుక్క. నాలుగు కాళ్లు, ఒక తోక, తెల్ల బొచ్చు. ఆ డాక్టరమ్మ పశువుల డాక్టరమ్మ. ఆవిడ దగ్గరికి కడుపు చూపించుకోవడానికి ఆడవాళ్లు రారు, గేదెలు వస్తాయి.

నీ ఉత్తరం అత్తకి చదివి వినిపించాను. చేతిలో చేప కింద పడేసింది. "ఓలమ్మో, ఈడు నా కడుపునే పుట్టేడా? రాయే, నాను సెప్పింది రాయి. ఒరే సింహాద్రీ, నీ పెల్లాం కడుపు సంగతి తరవాత. నీ బుర్రలో ఏటుందో ముందు సూపించుకో. ఆ డాక్టరమ్మ కాడికే రా, పశువులకి బాగా సూత్తాది" అంది. తరవాత గోడ వైపు తిరిగి ఏడ్చింది. నేను ఏడవలేదు. బొగ్గుల కుంపటి మీద అన్నం మాడిపోతున్నా లేవలేదు.

మావా, నువ్వు నన్ను అడిగావు, కాదనను. కాని నేను చెప్పిన జవాబులో నీకు వినపడింది ఒక్కటే. పెళ్లయి రెండేళ్లు. నీతో తప్ప ఏ మగవాడి ముఖం చూసీ మాట్లాడలేను నేను, బ్రష్షు వద్దని కొట్టాయనకి చెప్పలేకపోయినదాన్ని. ఆ మనిషినే నువ్వు అంత మాట అనుకోగలిగావు. సిగ్గు ఎక్కువైతే ఇలా ఉంటుందని నాకు తెలిసింది. ఇక నాకు ఆ సిగ్గు వద్దు.

ఇప్పుడు పొట్లం విప్పు. తాళి నా మెడలోనే ఉంది. డబ్బాలో ఆరు గాలాలున్నాయి. అవి ఎలా కట్టానో చెబుతాను, అందరూ వినండి.

కుక్క బొచ్చు ఒక్కటే కడితే కుదరదు. ఒంటి మీద కింద ఉండేది దూది లాంటిది, తడిస్తే గొర్రె దానిలాగే ముద్దవుతుంది. అందుకని దువ్వెనతో ఆ దూదినంతా దువ్వి తీసేశాను. మెడ చుట్టూ, తోక మీద ఉండే పొడుగుదే పనికొస్తుంది. దానికి జిడ్డు ఉంటుంది, జిడ్డు ఉంటే నీళ్లలో మునగదు, గాలి పట్టుకుని తేలుతుంది. కుంకుడు రసంలో రెండుసార్లు ఉతికి నీడలో ఆరబెట్టాను. ఎండలో పెట్టినది పెళుసైంది, పారేశాను. చివర్లు కత్తెరతో సమానంగా కత్తిరించలేదు. పుట్టిన చివర సన్నగా ఉంటుంది, అదే నీళ్లలో ఆడుతుంది. కత్తిరిస్తే బ్రష్షు అయిపోతుంది.

అయినా మొదట కట్టినది నిలవలేదు. లాగితే మొత్తం గాలానికి అతుక్కుపోయి సన్నగా చిక్కిపోయింది. రెండు రోజులు తిరిగాను. ఇంట్లో ఉంటే ఒడ్డుకి, ఒడ్డు నుంచి ఇంటికి. అప్పుడు మేకది గుర్తొచ్చింది. బిరుసుగా ఉందని పక్కన పెట్టినది. ముందు మేక బొచ్చు కొంచెం కట్టి, దాని మీద కుక్క బొచ్చు కట్టాను. లోపలిది గొడుగు పుల్లల్లా ఎత్తి పట్టుకుంటుంది, పైది కదులుతుంది. బేసినులో ఒక్కసారి లాగాను. అత్త చూపు అక్కడే ఆగిపోయింది. "మీ మావయ్య కట్టినట్టే ఉందే" అంది. మళ్లీ లాగమంది. మళ్లీ మళ్లీ లాగించింది.

కుక్కది కట్టడం తప్పని నీకు అనిపిస్తే వేయకు. గాలానికి పసుపు రాశాను, గంగమ్మకి చెప్పుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

నాగుల చవితి ఇంకా రెండున్నర వారాలుంది. పడవ వద్దని చెప్పేసి ఉంటే వెళ్లి కావాలని చెప్పు.

ఇంకొక మాట. నువ్వు రెండో తరగతి దాకా చదివావు. అక్షరాలు నీకు తెలుసు, మర్చిపోయానని అనుకుంటున్నావు. గంగరాజు అన్నయ్య మంచివాడే. కాని నీకూ నాకూ మధ్య ఇంకెవరి నోరూ వద్దు. నీ చేత్తో రాసిన ఒక్క ముక్క వస్తేనే నేను ఓడ ఎక్కుతాను. రాకపోతే గదికి ఎన్ని కిటికీలున్నా రాను.

బొచ్చు, బొచ్చు, బొచ్చు. అన్నయ్యా, మూడుసార్లూ చదివావా?

దేముడమ్మ


పోర్టుబ్లెరు
నాగల సవితి ఎల్లిన మూడో రోజు

దేముడు

నాను సింహాదిరి. నా సేతో రాతనాను.

బొచు మంచిది. తొమిది వంజరాలు. నీలల్లో ఊపిరి తీసింది. నాన కటిన లాగే.

కుక బొచు అని ఓనరుకి సెపాను. నవాడు. పడవ ఇచాడు. కిటికీ తుడిసాను.

తపు నాది. నీ ముకం సూసి సెపాలి.

ఇది రాయడం ఆరు రోజులు. గంగరాజుకి సూపలేదు. ఎవరికీ సదవలేదు.

అది తే. బొచు కాదు. ఆ గెడం బురుసు.

నువు రా.